ప్రయాణంలో రిమోట్ డెస్క్‌టాప్: ఎవరిదో వైఫై మీద మన కంప్యూటర్‌ను భద్రంగా నడపడం ఎలా?

హోటల్ వైఫై మీద రిమోట్ డెస్క్‌టాప్ (దూరంగా ఉన్న మన కంప్యూటర్ తెరను ఇక్కడి నుంచే తెరిచి నడపడం) వాడవచ్చా అని అడిగేవారు ఎక్కువయ్యారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి విజయవాడ ఆఫీసులోని ట్యాలీ తెరవాలనుకునే ఆడిటర్లు, పండక్కి ఊరొచ్చాక హైదరాబాద్ గదిలోని డెస్క్‌టాప్‌తో పని పడేవాళ్లు, అందరిదీ ఇదే సందేహం. వాడవచ్చు. కాకపోతే భయపడవలసిన చోటు వేరు.

హోటల్ వైఫై మీద మనల్ని గమనించగలిగేది ఎక్కువగా ఆ పూట ఆ వైఫైలో ఉన్నవాళ్లు, దాన్ని నడిపేవాళ్లే. ఇంటి రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే నంబరు ద్వారం) తెరిచి వెళ్తే, తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో వెతికే స్కానర్లన్నీ రాత్రింబవళ్లు దాన్ని తడుతూనే ఉంటాయి. రిమోట్ డెస్క్‌టాప్ వల్ల కంప్యూటర్లు చేజారేది ఎక్కువగా ఈ రెండో దారిలోనే. అందుకే ఇక్కడ చెప్పే పనిలో ఎక్కువ భాగం బయల్దేరక ముందు ఇంటి దగ్గర చేయవలసినదే.

ఇంట్లో విండోస్ 11 ప్రో ఉన్న డెస్క్‌టాప్, వెంట ఒక విండోస్ లాప్‌టాప్, రెండింటి మధ్య టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వెళ్లే రహస్య దారి) ఉంటాయనుకుని రాస్తున్నాను. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ అయితే ఇక్కడే ఆగి ఐటీ విభాగాన్ని అడగండి. కంపెనీ యంత్రంలో సొంత వీపీఎన్ ఎక్కించడం ఉద్యోగానికే ఎసరు తెస్తుంది.

## 1. ముందుగా సరిచూసుకోవలసినవి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి విండోస్ ఎడిషన్ చూడండి. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లు బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌ను అనుమతిస్తాయి. హోమ్ ఎడిషన్ అనుమతించదు. హోమ్ ఉన్న యంత్రం నుంచి వేరేదానికి వెళ్లవచ్చు గానీ, దానిలోకి రావడం కుదరదు. కాబట్టి వెంట తీసుకెళ్లే లాప్‌టాప్‌లో హోమ్ ఉన్నా ఇబ్బంది లేదు.

డెస్క్‌టాప్‌లోనే హోమ్ ఉంటే రెండు దారులు. డబ్బు కట్టి ప్రోకు మారడం, లేదా క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వాడటం. రెండో దానిలో ఒక లోటుంది: మనం ఇక్కడ చేసేదంతా అక్కడి మానిటర్ మీద కనిపిస్తూ ఉంటుంది. విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌లో మనం లాగిన్ కాగానే అక్కడి తెర లాక్ అవుతుంది. ఆఫీసులో నలుగురు తిరిగే చోట ఈ తేడా చిన్నది కాదు.

బయల్దేరడానికి వారం ముందే మొదలుపెట్టండి. టాక్సీ వచ్చాక చేసే పని కాదిది. చేతిలో ఉండవలసినవి:

- డెస్క్‌టాప్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్
- రౌటర్ లాగిన్ వివరాలు (చాలా రౌటర్లకు అడుగున అంటించి ఉంటాయి, ఇప్పటికీ అవే పనిచేస్తుంటే వెంటనే మార్చండి)
- బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ
- మొబైల్ డేటా ఉన్న ఫోను, పరీక్షించడానికి
- అవసరమైతే ఇంటికి వెళ్లి ఒక స్విచ్ నొక్కగల మనిషి

చివరిది తేలిగ్గా తీసుకోకండి. సెక్యూరిటీ ఎంత బాగా కుదిరినా, ఆగిపోయిన కంప్యూటర్‌ను పదివేల కిలోమీటర్ల అవతల నుంచి లేపలేం.

## 2. కరెంటు పోయి వచ్చినా తనంతట లేచేలా చేయడం

సెట్టింగ్స్‌లో పవర్ విభాగానికి వెళ్లి, ప్లగ్గులో ఉన్నప్పుడు స్లీప్ కాకుండా ‘నెవర్’ పెట్టండి. మానిటర్ ఆగిపోయినా ఫర్వాలేదు.

తర్వాత బయోస్ (విండోస్ మొదలవక ముందే తెరిచే కంప్యూటర్ సొంత సెట్టింగుల తెర). ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ లేదా ‘ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్’ వంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ‘పవర్ ఆన్’కు మార్చండి. లేకపోతే మధ్యాహ్నం అరగంట కరెంటు కోతతో మీ ప్రయాణం మొత్తానికీ కంప్యూటర్ పడుకుండిపోతుంది. బయోస్‌లో మార్పు చేస్తే బిట్‌లాకర్ అనుమానపడి రికవరీ కీ అడగవచ్చు. ముందే బిట్‌లాకర్‌ను ‘సస్పెండ్’ చేసి, మార్చాక మళ్లీ ఆన్ చేయండి.

మర్చిపోయే ఇంకో సంగతి: కంప్యూటర్‌కు యూపీఎస్ ఉండి, రౌటర్, ఫైబర్ పెట్టె మామూలు ప్లగ్గులో ఉంటే ప్రయోజనం లేదు. మూడూ ఇన్వర్టర్ లైను మీదనో, యూపీఎస్ మీదనో ఉండాలి.

విండోస్ అప్‌డేట్లను ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందే పూర్తిచేసి, రీస్టార్ట్ చేసి చూడండి. వారం పది రోజుల ప్రయాణమైతే అప్‌డేట్లను ఆపి వెళ్లవచ్చు. ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండబోయేవారు ఆపవద్దు. ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే అప్‌డేట్లు) లేని యంత్రాన్ని అంతకాలం ఇంటర్నెట్‌కు కలిపి ఉంచడం కంటే అర్ధరాత్రి ఒక రీస్టార్ట్ మేలు.

ఇప్పుడు పరీక్ష: కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, ప్లగ్గు స్విచ్ ఆపి, నిమిషం ఆగి వేయండి. బటన్ ముట్టకుండానే లాగిన్ తెర రావాలి.

## 3. పోర్టు మూసి, టెయిల్‌స్కేల్ పెట్టడం

రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ లేదా వర్చువల్ సర్వర్ విభాగం తెరవండి. అక్కడ 3389 ఉంటే తీసేయండి. యూపీఎన్‌పీని (ఇంట్లోని పరికరాలు అడిగితే రౌటర్ తనంతట పోర్టులు తెరిచే సదుపాయం) కూడా ఆపండి.

‘నేను 3389 బదులు 50001 పెట్టాను కదా’ అంటారు కొందరు. అది తాళంచెవిని గుమ్మం మీద నుంచి తీసి పూలకుండీ కింద పెట్టడం. స్కానర్లు పోర్టులన్నీ వరుసగా చూస్తాయి, సమాధానం వచ్చిన తీరును బట్టి అది రిమోట్ డెస్క్‌టాప్ అని గుర్తుపడతాయి. పాస్‌వర్డ్ గట్టిదైతే చాలనే వాదన కూడా నిలవదు. 2019 మే నెలలో బయటపడిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. లాగిన్ కాకముందే పాత విండోస్ యంత్రాలు లొంగిపోయేవి. మద్దతు ఎప్పుడో ఆగిపోయిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్యాచ్ ఇవ్వవలసి వచ్చింది.

ఇక మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు పోర్ట్ ఫార్వర్డింగ్ అసలు పనిచేయదు. ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో ఖాతాదారులకు పంచే సీజీ-నాట్ పద్ధతి దీనికి కారణం. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపు ఉన్న చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ దాని వెనకే ఉన్నట్టు. దానికోసం స్టాటిక్ ఐపీ కొనకండి. టెయిల్‌స్కేల్‌కు అది అక్కర్లేదు.

టెయిల్‌స్కేల్ లోపల ఉండేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి. మీ ఖాతాలో చేర్చిన పరికరాలకు మాత్రమే ఒకదానికొకటి కనిపించే ప్రైవేటు నెట్‌వర్క్‌ను అది తయారుచేస్తుంది. ప్రతిదానికీ 100తో మొదలయ్యే చిరునామా ఇస్తుంది. బయటి ప్రపంచానికి పోర్టు ఏదీ తెరవనక్కర్లేదు. వ్యక్తిగత వాడకానికి ఉచితం. ఇంటికి పబ్లిక్ ఐపీ ఉండి, రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సదుపాయం ఉన్నవారు నేరుగా దాన్నే పెట్టుకోవచ్చు. మిగతావారికి ఇదే సులువు.

చేయవలసిన వరుస:

- ముందుగా, ఏ గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో టెయిల్‌స్కేల్ తెరుస్తారో దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఈ ఖాతా చేజారితే మిగతా కట్టుదిట్టాలన్నీ వృథా.
- డెస్క్‌టాప్, లాప్‌టాప్, ఫోను మూడింటిలో టెయిల్‌స్కేల్ ఎక్కించి అదే ఖాతాతో లాగిన్ కండి.
- డెస్క్‌టాప్‌లో గడియారం పక్కనున్న టెయిల్‌స్కేల్ గుర్తు మీద నొక్కి, ప్రిఫరెన్సెస్‌లో ‘రన్ అనటెండెడ్’ ఎంచుకోండి. ఇది లేకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని లాగిన్ అయ్యేదాకా వీపీఎన్ లేవదు.
- టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో డెస్క్‌టాప్ పేరు పక్కనున్న మెనూలో ‘డిజేబుల్ కీ ఎక్స్‌పైరీ’ నొక్కండి. మామూలుగా 180 రోజులకు పరికరం మళ్లీ లాగిన్ అడుగుతుంది. డెస్క్‌టాప్‌కు మాత్రమే ఇది ఆపండి, లాప్‌టాప్‌కు వద్దు.
- డెస్క్‌టాప్, లాప్‌టాప్, ఫోను చిరునామాలు మూడూ కాగితం మీద రాసుకోండి.

రెండంచెల ధ్రువీకరణ ఎస్ఎంఎస్ మీద మాత్రమే ఆధారపడితే విదేశంలో ఇరుక్కుంటారు. అక్కడి సిమ్ వేసుకున్నాక ఓటీపీ మన పాత నంబరుకు వెళ్తుంది. ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. బ్యాకప్ కోడ్లను ప్రింటు తీసి, లాప్‌టాప్ సంచిలో కాకుండా పాస్‌పోర్టుతో ఉంచండి.

## 4. రిమోట్ డెస్క్‌టాప్‌కు విడిగా ఒక ఖాతా

రోజూ వాడే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో రిమోట్‌గా రావడం మంచిది కాదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి మైక్రోసాఫ్ట్ ఖాతా లేని లోకల్ యూజర్‌ను చేర్చండి. స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి.

పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఇంటి పేరు, పిల్లల పేర్లు, బండి నంబరు వద్దు.

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఆన్ చేయండి. పక్కనున్న బాణం నొక్కితే ‘నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్’ (తెర తెరుచుకోకముందే పాస్‌వర్డ్ అడగడం) కనిపిస్తుంది, టిక్ ఉండాలి. కింద రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్‌లో కొత్త ఖాతాను చేర్చండి.

అడ్మినిస్ట్రేటర్లకు అనుమతి దానంతటదే ఉంటుంది. దాన్ని తీసేయాలంటే లోకల్ సెక్యూరిటీ పాలసీలో యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌కు వెళ్లి, ‘అలౌ లాగ్ ఆన్ త్రూ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్’ నుంచి అడ్మినిస్ట్రేటర్స్‌ను తొలగించండి. అక్కడే అకౌంట్ లాకౌట్ పాలసీ కూడా చూడండి. కొత్త విండోస్ 11లో 10 తప్పు ప్రయత్నాలకు 10 నిమిషాలు ఖాతా మూసుకుపోయేలా ఉంటుంది. పాత యంత్రంలో అది సున్నా ఉంటే మీరే 10 పెట్టండి.

ఈ దశలో రెండు చిక్కులు తప్పక వస్తాయి.

కొత్త ఖాతాకు ట్యాలీ డేటా ఫోల్డర్ తెరుచుకోకపోవచ్చు. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్లి అనుమతి ఇవ్వండి. డేటా పాత యూజర్ డెస్క్‌టాప్ మీద ఉంటే విడి ఫోల్డర్‌కు మార్చడమే మేలు.

రెండోది, విండోస్ 11లో ఒకసారికి ఒక్కరే పనిచేయగలరు. ఆఫీసులో గుమాస్తా బిల్లు కొడుతుండగా మీరు డాలస్ నుంచి లాగిన్ అయితే అతని తెర లాక్ అవుతుంది. ముందు ఫోను చేసి చెప్పండి, లేదా మీ వేళలు అక్కడివారికి రాసిచ్చి వెళ్లండి.

## 5. ఫైర్‌వాల్‌లో ఎవరికి దారి ఇవ్వాలో చెప్పడం

టెయిల్‌స్కేల్ పెట్టినంత మాత్రాన ఇంటి వైఫైలోని మిగతా పరికరాలకు 3389 మూసుకుపోదు. చవక సీసీ కెమెరా ఒకటి చేజారితే అక్కడి నుంచి డెస్క్‌టాప్‌ను తట్టవచ్చు.

స్టార్ట్ మెనూలో ‘విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ’ తెరవండి. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ‘రిమోట్ డెస్క్‌టాప్ – యూజర్ మోడ్’ పేరుతో టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి ఉంటాయి. ఒక్కోదాని ప్రాపర్టీస్‌లో స్కోప్ ట్యాబ్, రిమోట్ ఐపీ అడ్రస్ దగ్గర లాప్‌టాప్, ఫోను టెయిల్‌స్కేల్ చిరునామాలు మాత్రమే చేర్చండి. ఇకపై ఆ రెండింటికి తప్ప ఎవరికీ సమాధానం వెళ్లదు. డెస్క్‌టాప్‌కు పేరుతో కాకుండా 100తో మొదలయ్యే చిరునామాతోనే కలపండి.

## 6. సర్టిఫికెట్ హెచ్చరికను ఇంట్లోనే తేల్చుకోవడం

రిమోట్ డెస్క్‌టాప్ మొదటిసారి కలిపినప్పుడు, అవతలి కంప్యూటర్ గుర్తింపును నిర్ధారించలేకపోతున్నామని పసుపు గుర్తుతో ఒక పెట్టె వస్తుంది. అందరూ ‘ఎస్’ నొక్కేస్తారు. అసలు ఆ పెట్టె అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది మీ కంప్యూటరేనా? విమానాశ్రయంలో దానికి జవాబు చెప్పే వీలుండదు. ఇంట్లో ఉంటుంది.

కంప్యూటర్ తన గుర్తింపుకు చూపే పత్రమే సర్టిఫికెట్. డెస్క్‌టాప్‌లో స్టార్ట్ మెనూలో ‘మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికెట్స్’ తెరవండి. రిమోట్ డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో సర్టిఫికెట్స్, అందులో ఒకటే ఉంటుంది. తెరిచి డీటెయిల్స్‌లో ‘థంబ్‌ప్రింట్’ చూడండి. అంకెలు, అక్షరాలు కలిసిన 40 గుర్తుల వరుస అది. ఫోటో తీసుకోండి.

లాప్‌టాప్ నుంచి కలపండి. హెచ్చరిక రాగానే ‘వ్యూ సర్టిఫికెట్’ నొక్కి అక్కడి థంబ్‌ప్రింట్‌ను ఫోటోతో పోల్చండి. మొత్తం సరిపోతే ‘మళ్లీ అడగవద్దు’ అన్న గడిలో టిక్ పెట్టి ‘ఎస్’ అనండి. లాప్‌టాప్ ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపెట్టుకుంటుంది. ఇకపై ఆ పెట్టె కనిపించిందంటే సర్టిఫికెట్ మారిందని అర్థం.

ఈ సర్టిఫికెట్ గడువు ఆరు నెలలే, తర్వాత విండోస్ కొత్తది తయారుచేస్తుంది. గడువు తేదీ మీ ప్రయాణం మధ్యలో పడుతుంటే, ఇప్పుడే దాన్ని తొలగించి ‘రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్’ను రీస్టార్ట్ చేయండి. కొత్తది వస్తుంది. దాని ఫోటో తీసుకుని, పోల్చే పని మళ్లీ చేయండి.

## 7. వెంట వెళ్లే లాప్‌టాప్

లాప్‌టాప్ డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) ఆన్‌లో ఉండాలి. హోమ్ ఎడిషన్‌లో ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’, ప్రోలో బిట్‌లాకర్.

రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి ‘షో ఆప్షన్స్’ నొక్కండి.

- జనరల్: పాస్‌వర్డ్ సేవ్ చేయవద్దు.
- లోకల్ రిసోర్సెస్: ప్రింటర్లు తీసేయండి. ‘మోర్’లో డ్రైవ్‌లకు టిక్ ఉండకూడదు. క్లిప్‌బోర్డ్ అవసరమైతేనే.
- అడ్వాన్స్‌డ్: సర్వర్ ఆథెంటికేషన్ విఫలమైతే ‘వార్న్ మీ’ ఉండాలి. ‘కనెక్ట్ అండ్ డోంట్ వార్న్ మీ’ ఉంటే 6వ భాగంలో పడ్డ శ్రమ వృథా.

ఆడిటర్లకు ప్రత్యేకంగా ఒక మాట. డిజిటల్ సంతకం టోకెన్‌ను ఆఫీసు కంప్యూటర్‌కే గుచ్చి వెళ్తే రిమోట్ డెస్క్‌టాప్‌లో అది కనిపించదు. ఈ పద్ధతిలో విండోస్ చూసేది మన ఎదుట ఉన్న యంత్రానికి పెట్టిన టోకెన్‌నే. కాబట్టి టోకెన్ వెంట తీసుకెళ్లండి, డ్రైవర్ రెండు కంప్యూటర్లలోనూ ఎక్కించండి, లోకల్ రిసోర్సెస్‌లో ‘స్మార్ట్ కార్డ్స్’ టిక్ చేయండి. క్లయింట్ల సంతకాల టోకెన్లు ఖాళీ ఆఫీసులో వేలాడుతూ ఉండటం అసలే మంచిది కాదు.

## 8. బయల్దేరే ముందు రిహార్సల్

ఇంటి వైఫై మీద పనిచేసింది కదా అని పెట్టె సర్దకండి. లాప్‌టాప్ వైఫై ఆపి, ఫోను మొబైల్ డేటా హాట్‌స్పాట్‌కు కలిపి ఇవన్నీ చేసి చూడండి:

- టెయిల్‌స్కేల్ ఆన్ చేసి రిమోట్ డెస్క్‌టాప్ తెరుచుకుందా?
- టెయిల్‌స్కేల్ ఆపేస్తే రిమోట్ డెస్క్‌టాప్ విఫలమైందా? (కావాలి. తెరుచుకుంటే ఎక్కడో దారి మిగిలి ఉంది.)
- డెస్క్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, ఎవరూ లాగిన్ కాకుండా ఉంచి, బయటి నుంచి కలపగలిగారా?
- ప్లగ్గు ఆపి వేశాక కూడా కలపగలిగారా?
- ట్యాలీ తెరిచి ఒక వోచర్ చూడగలిగారా?
- ఫోను నుంచి ‘విండోస్ యాప్’తో (మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ యాప్) ఒకసారి కలిపారా?

తెలుగు టైపింగ్ అవసరమైతే అదీ ఇప్పుడే చూసుకోండి. కీబోర్డ్ లేఅవుట్ అవతలి యంత్రంలో కూడా ఉండాలి.

## 9. ప్రయాణంలో కలిపే వరుస

మొదటి ఎంపిక ఎప్పుడూ మీ ఫోను హాట్‌స్పాటే. ఉచిత వైఫై రెండోది. హోటల్ లాబీలో, ఇంటర్నెట్ సెంటర్‌లో ఉన్న కంప్యూటర్‌లో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పాస్‌వర్డ్ కొట్టవద్దు. కీలాగర్ (మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగిలించే ప్రోగ్రాం) ఉన్న యంత్రానికి ఏ వీపీఎనూ విరుగుడు కాదు.

వైఫై తప్పదనుకుంటే ఈ వరుసలో వెళ్లండి.

1. వైఫై పేరు రిసెప్షన్‌లో అడిగి తెలుసుకోండి. అదే పేరుతో ఎవరైనా ఇంకో వైఫై పెట్టవచ్చు.
2. కలిపాక విండోస్‌లో అది ‘పబ్లిక్ నెట్‌వర్క్’గా ఉందో లేదో చూడండి.
3. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ పూర్తిచేయండి. గది నంబరు, ఓటీపీ అడగడం మామూలే. యాప్ ఎక్కించమన్నా, సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయమన్నా, ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగినా వదిలేయండి.
4. అప్పుడు టెయిల్‌స్కేల్ ఆన్ చేయండి. డెస్క్‌టాప్ పేరు పక్కన పచ్చచుక్క ఉండాలి.
5. ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్.
6. పని కాగానే కిటికీ మూసేయడం కాదు, లోపలి స్టార్ట్ మెనూ నుంచి సైన్ అవుట్ కండి. కిటికీ మూస్తే సెషన్ అక్కడ తెరిచే ఉంటుంది.

మన రైల్వే స్టేషన్ల వైఫై ఓటీపీతో తెరుచుకుంటుంది. విదేశాల నుంచి వచ్చి భారతీయ సిమ్ లేనివారు బంధువుల హాట్‌స్పాట్ అడగడమే సులువు. చైనాలో వీపీఎన్‌లు పనిచేస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు అక్కడి వీపీఎన్ నిబంధనలు ముందే చదువుకోండి.

ఇంకో జాగ్రత్త: ఈమెయిల్‌లో వచ్చిన రిమోట్ డెస్క్‌టాప్ ఫైలును తెరవకండి. 2024 అక్టోబరులో మిడ్‌నైట్ బ్లిజార్డ్ అనే ముఠా ఇలాంటి ఫైళ్లనే పంపిందని మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. తెరిస్తే మన లాప్‌టాప్ వాళ్ల సర్వర్‌కు కలిసి, మన డ్రైవ్‌లు, క్లిప్‌బోర్డ్ అటు తెరుచుకుంటాయి.

## 10. చిక్కులు, విరుగుడు

పాస్‌వర్డ్ సరైనదే, తప్పంటోంది. ముందు కీబోర్డ్ గుర్తు చూడండి. తెలుగు లేఅవుట్‌లో ఉండి కొడుతూ పోతే చుక్కలే కనిపిస్తాయి, పదిసార్లకు ఖాతా లాక్ అవుతుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. మైక్రోసాఫ్ట్ ఖాతా వాడుతుంటే పిన్ ఇక్కడ పనిచేయదు, అసలు పాస్‌వర్డే కావాలి. ఎప్పుడూ పిన్‌తోనే తెరిచే యంత్రంలో కనీసం ఒకసారి ఎదురుగా కూర్చుని పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి ఉండాలి. 4వ భాగంలో లోకల్ ఖాతా పెట్టమన్నది ఈ బాధ తప్పడానికి కూడా.

వైఫై ఉంది, టెయిల్‌స్కేల్ కలవడం లేదు. లాగిన్ పేజీ పూర్తయి ఉండదు. టెయిల్‌స్కేల్ ఆపి, బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ తెరవండి, పేజీ బయటకొస్తుంది.

కలిసింది, కానీ చాలా నెమ్మది. హోటల్ యూడీపీని (టెయిల్‌స్కేల్ నేరుగా కలవడానికి వాడే పద్ధతి) అడ్డుకుంటే టెయిల్‌స్కేల్ రిలే సర్వర్ మీదుగా వెళ్తుంది. అప్పుడు కూడా ఎన్‌క్రిప్షన్ మీ రెండు యంత్రాల మధ్యే ఉంటుంది, మధ్యలోని సర్వర్ చదవలేదు. వేగం మాత్రం తగ్గుతుంది. ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో వాల్‌పేపర్, యానిమేషన్లు తీసేసి, తెర సైజు తగ్గించండి. అమెరికా నుంచైతే దూరం వల్లనే మీట నొక్కిన పావు సెకనుకు అక్షరం వస్తుంది, దానికి మందు లేదు.

డెస్క్‌టాప్ ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది. ఇంటికి ఫోను చేసి కరెంటు, రౌటర్ దీపాలు, కంప్యూటర్ దీపం, ఈ వరుసలో అడగండి.

సర్టిఫికెట్ హెచ్చరిక మళ్లీ వచ్చింది. గడువు తీరి మారిందేమో తేదీ చూడండి. గడువు ఇంకా మిగిలి ఉండగానే సర్టిఫికెట్ మారితే ‘నో’ నొక్కి, ఫోను హాట్‌స్పాట్ మీద మళ్లీ ప్రయత్నించండి. అప్పుడూ అదే వస్తే, ఇంట్లోవాళ్లతో డెస్క్‌టాప్ థంబ్‌ప్రింట్ ఫోటో తెప్పించుకుని పోల్చేదాకా లాగిన్ కావద్దు.

## 11. లాప్‌టాప్ పోతే

వరుస ముఖ్యం. ఫోను నుంచే చేయగలిగేలా అడ్మిన్ పేజీని బుక్‌మార్క్ చేసి ఉంచండి.

1. టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో లాప్‌టాప్‌ను తొలగించండి. దీంతో ఇంటికి దారి తెగిపోతుంది.
2. గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాలో అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.
3. ఫోను నుంచి డెస్క్‌టాప్‌లోకి వెళ్లి, 4వ భాగంలో పెట్టిన రిమోట్ ఖాతా పాస్‌వర్డ్ కూడా మార్చండి.
4. టోకెన్ కూడా పోయి ఉంటే డిజిటల్ సంతకాన్ని రద్దు చేయమని జారీచేసిన సంస్థకు చెప్పండి.
5. అప్పుడు పోలీసు ఫిర్యాదు.

ఫోను కూడా పోతే ఇంటికి చెప్పి రౌటర్ నుంచి డెస్క్‌టాప్ కేబుల్ పీకించండి.

## 12. తిరిగి వచ్చాక

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సెక్యూరిటీ తెరిచి 4625 నంబరుతో వడపోయండి. ఇవి విఫలమైన లాగిన్లు. మీరు తప్పు కొట్టినవి కొన్ని ఉంటాయి. మీకు తెలియని యూజర్ పేర్లతో కనిపిస్తే 3, 5 భాగాలు మళ్లీ చూడాలి.

తర్వాత అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, టెర్మినల్‌సర్వీసెస్-లోకల్‌సెషన్‌మేనేజర్, ఆపరేషనల్. ఇక్కడ 21 అంటే లాగిన్, 24 అంటే తెగిపోవడం, 25 అంటే మళ్లీ కలవడం. ప్రతిదానిలో వచ్చిన చిరునామా రాసి ఉంటుంది. అన్నీ మీ లాప్‌టాప్, ఫోనువే కావాలి. ‘లోకల్’ అని ఉన్నవి ఆఫీసులో ఎదురుగా కూర్చున్నవారివి.

సరిగ్గా ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ ఆఫ్ చేయండి, రిమోట్ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, ఆపి ఉంచిన అప్‌డేట్లను మళ్లీ నడపండి. ఫైర్‌వాల్ రూల్‌ను అలాగే ఉంచవచ్చు, వచ్చే ప్రయాణానికి పనికొస్తుంది.